పరుపులకొట్టు అక్కచెల్లెళ్లు

చిన్నీకి నలభై మూడేళ్లు. ఆ వయసు మనిషిని చిన్నీ అని పిలవడమేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటారు గానీ, ఆ వీధికి ఆమె ఇంకో పేరుతో తెలియదు. పరుపులకొట్టులో ఇద్దరు అక్కచెల్లెళ్లుంటారు, ఒకరు పెద్దక్క, ఇంకొకరు చిన్నీ, అంతే. పెద్దక్కకు యాభై దాటాయి. కొట్టు గుమ్మం ఎక్కిన మనిషిని చూడగానే ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో, మెడ ఎక్కడ పట్టేస్తుందో పసిగట్టి, ఈ దిండు నీకు పనికిరాదు బాబూ అని మొహం మీదే చెప్పేస్తుంది. మెత్తటి పరుపు కావాలని వచ్చినవాడికి గట్టిది అంటగట్టి పంపిస్తుంది. వాడు మళ్లీ వచ్చి దండం పెట్టి వెళ్తాడు. చిన్నీ మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. అక్క ఇచ్చిన కొలతకు కుట్టడం, కుట్టింది మడిచి పెట్టడం, అక్క కసిరితే నవ్వడం. పన్నెండేళ్లప్పటి నుంచి ఆమెను పెంచింది అక్కే కాబట్టి, పెళ్లై కూతురు పుట్టి ఆ కూతురికి ఇరవయ్యేళ్లు వచ్చినా, అక్క ముందు చిన్నీకి నోరు పెగలదు.

కొట్టు వెనక గది పొడవుగా ఉంటుంది. ఒక మూల దూది గుట్ట, ఇంకో మూల దూదిని ఏకే యంత్రం, నడుమ కూర్చుని కుట్టుకోవడానికి పరిచిన పెద్ద చాప. కుట్టిన పరుపుల్ని చుట్టూ గోడలకు ఆనించి నిలబెడతారు, ఒక్క కిటికీ పక్క గోడకు తప్ప. అక్కడ ఒక మంచం పట్టేంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. కాలు పెట్టడానికి చోటు లేక పరుపుల మీద నుంచి దాటుకుంటూ తిరిగే రోజుల్లో కూడా అక్కడ ఒక దిండు పెట్టరు. పెట్టొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఆ గోడకు చెమ్మ ఉందంటారు. గోడ మాత్రం ఎండకు పగుళ్లిచ్చి ఉంటుంది.

ఆ జాగాలోనే వాళ్లమ్మ మంచం ఉండేది.

చిన్నీకి నొప్పి మొదలైంది దబ్బనం లాగుతున్నప్పుడు. పరుపు కుట్టడమంటే బట్ట కుట్టినట్టు కాదు. మూరెడు దబ్బనాన్ని పరుపు ఈ వైపు నుంచి ఆ వైపుకు దించి, వెనక్కి తీసి, పురికొసను రెండు చేతులా బిగించి లాగాలి. దూది అక్కడ గుంట పడి కదలకుండా నిలబడుతుంది. అలా ఒక్కో పరుపుకు ఎన్నో గుంటలు. ఒక మధ్యాహ్నం చిన్నీ అలా లాగుతుంటే ఎడమ రొమ్ములో, చంక వైపున, ఎవరో లోపలి నుంచి గిల్లినట్టయింది. పురికొస వదిలేసి కాసేపు ఊపిరి బిగపట్టింది. తర్వాత మళ్లీ లాగింది. మళ్లీ గిల్లింది.

పని చేసే మనిషికి ఎక్కడో ఒకచోట నొప్పి ఉండదా అనుకుంది. మర్నాడు కుడిచేత్తో లాగి చూసింది. ఆ మర్నాడు కూర్చునే పక్క మార్చింది. హాస్టల్ వాళ్ల పరుపుల ఆర్డరు ఒకటి నెత్తి మీద ఉంది, అది అయ్యాక చూద్దామనుకుంది. అది అయ్యాక ఇంకోటి వచ్చింది. చూద్దాం అనే మాటకు ఒక సౌకర్యం ఉంది, అది అనుకుంటే సగం చూసినట్టే ఉంటుంది. డాక్టరు దగ్గరికి ఇప్పటికే వెళ్లొచ్చినంత ధీమాగా చిన్నీ ఆ మాటను నెలన్నర అనుకుంది.

పగలు ధీమాగానే ఉండేది. స్నానాలగదిలో గడియ వేసుకున్నాక ఆ ధీమా కాస్తా తలుపు అవతలే ఉండిపోయేది. ఈ పనిలో వేళ్లదే రాజ్యం. కుట్టిన పరుపు మీద కళ్లు మూసుకుని అరచెయ్యి నడిపితే లోపల దూది ఎక్కడ ఉండ కట్టిందో, ఎక్కడ పత్తిగింజ మిగిలిపోయిందో తెలిసిపోవాలి. చిన్నీ వేళ్లకు అది తెలుస్తుంది. ఆ వేళ్లతోనే తనను తాను తడుముకునేది. ఒకరోజు ఏమీ లేదు. మర్నాడు అంతా ఉండలే. సోమవారం చంక పక్కన తగిలింది మంగళవారం కింద తగిలేది, ఇంకో రోజు అసలు ఏది ఎముకో ఏది కండో అర్థమయ్యేది కాదు. ముప్పయ్యేళ్లుగా తిండిపెట్టిన వేళ్లు అబద్ధం చెప్తున్నాయనిపించి ఆమెకు ఏడుపొచ్చేది. పంపు తిప్పి నీళ్ల చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చేది.

ఆమెను వణికించింది నొప్పి కాదు. వాళ్లమ్మ.

అమ్మ జబ్బుకు ఆ ఇంట్లో పేరు లేదు. ఎక్కడ వచ్చిందో ఆ చోటుకు కూడా పేరు లేదు. అమ్మకు "అక్కడ" బాగాలేదు అనేవాళ్లు. అక్కడ అంటే ఎక్కడో పన్నెండేళ్ల చిన్నీకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. అమ్మ ఎడమచేతిని ఒంటికి ఆనించి, మోచెయ్యి పొట్టకు నొక్కుకుని నడిచేది. తర్వాత నడవడం మానేసింది. అప్పుడు మంచం వెనక గదిలోకి, కిటికీ పక్కకు వచ్చింది. చెయ్యి కింద పెట్టుకోవడానికి అమ్మ ఒక చిన్న దిండు కుట్టమంది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. దాన్లో దూది కూరింది చిన్నీయే. ఎక్కువ కూరితే అమ్మ మూలిగేది, తక్కువైతే చెయ్యి జారేది. రోజూ కొంచెం తీసి, కొంచెం పెట్టి, మళ్లీ కుట్టేది. పురికొస లాగినప్పుడు టప్పుమనే చప్పుడుకు అమ్మ ఉలిక్కిపడేదని, చివరి రోజుల్లో ఆ గదిలో కుట్టడమే ఆపేశారు. ఆ చప్పుడు లేని కొట్టు ఎంత భయంకరంగా ఉండేదో చిన్నీకి ఇప్పటికీ గుర్తు. యంత్రం ఆగాక గాల్లో దూది పోగులు ఇంకా తేలుతూ ఉంటాయి కదా, అమ్మ పోయాక మధ్యాహ్నం పూట అవి కిటికీ వెలుతురులో ఆ ఖాళీ జాగా మీద మెల్లగా దిగుతుంటే, అక్కడ ఎవరో పడుకుని పైకి చూస్తున్నట్టు ఆమెకు తోచేది. అటు వీపు పెట్టి కూర్చునే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు.

ఇప్పుడు తను అమ్మ పోయిన వయసు దాటి రెండేళ్లయింది. అమ్మకన్నా తనే పెద్దది. ఆ లెక్క తట్టిన రోజు చిన్నీకి అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేదు. మిగిలిపోయిన బట్ట ముక్కలు ముందేసుకుని, చేతులు ఊరుకోక ఏదో కుడుతూ కూర్చుంది. మనసు ఎక్కడో ఉంది. మూడు వైపులా కుట్టి, దూది కూరి, నాలుగో వైపు మూయబోతూ చేతిలోది చూసుకుంది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. ఆ కొలత దిండు ఎవరూ అడగలేదు. ఆ కొలత దిండు ఈ లోకంలో ఎవరికీ అక్కర్లేదు. చిన్నీకి దాన్ని ఒడిలోంచి తీసి పక్కన పెట్టడానికి కూడా చేతులు రాలేదు. కిటికీ పక్కకు చూడకూడదని తల వంచుకుని అలాగే కూర్చుండిపోయింది.

పెద్దక్క ఏదో అడగడానికి లోపలికొచ్చింది. వచ్చిన పని మరిచిపోయి ఆ దిండు వంక చూసింది. ఏమిటిదని అడగలేదు. వచ్చి పక్కన కూర్చుని, దిండు తీసుకుని, కత్తెర మొనతో కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పి, దూది గుట్టలోకి విసిరేసి, బట్ట దులిపి మడిచింది. అంతా అయ్యాక, "ఎప్పట్నుంచి?" అంది.

చిన్నీ చెప్పింది. చెప్తే గుండె బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. అక్క మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని ఎప్పటిలాగే పెద్దరికం తెచ్చుకుంది. ఎడాపెడా మాట్లాడింది. నొప్పి అన్నాక వస్తుంది పోతుందని, ఈ వయసులో ఆడవాళ్ల ఒళ్లు వాళ్ల మాట వినదని, డాక్టర్లకు చూపించుకోవడం అంటే పులి నోట్లో తల పెట్టడమేనని. చిన్నీ ఊఁ కొడుతూ వింది. చివరికి అక్క గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది.

"అమ్మ నడుచుకుంటూ వెళ్లింది చిన్నీ. ఇక్కడి నుంచి, ఈ గుమ్మంలోంచి, తన కాళ్ల మీద తను వెళ్లింది. వాళ్లు కత్తి పెట్టాక మోసుకొచ్చారు. కత్తి తగలబట్టే అది ఒళ్లంతా పాకింది. నిన్ను కూడా అలా మోసుకురావాలా నేను?"

ఈ మాట ఆ ఇంట్లో కొత్త కాదు. ముప్పయ్యేళ్లుగా అక్క అంటున్నదే. చిన్నీకి అది నమ్మకం కూడా కాదు, ఇంట్లో గోడలున్నట్టు అదీ ఉంది. అక్క ఒక ఉపాయం కూడా చెప్పింది. గోరువెచ్చటి నూనె రాసి, వేళ్లతో మెల్లగా, ఉండ కట్టిన దూదిని విప్పినట్టు విప్పాలి. ఒక్కరోజులో రాదు. ఓపిగ్గా రోజూ చేస్తే ఎంత గట్టి ఉండైనా ఎప్పటికో విడివడుతుంది. పరుపు పనివాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇలాంటి ఆలోచన రాదు. ఉండ కనిపిస్తే చించి అవతల పారేయరు వాళ్లు, విప్పుతారు. విప్పలేని ఉండ ఉంటుందని వాళ్ల వేళ్లు ఒప్పుకోవు.

చిన్నీ పది పన్నెండు రోజులు నూనె రాసుకుంది. నొప్పి తగ్గలేదు సరికదా, నొక్కి నొక్కి ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు నిద్రలో పక్కకు తిరిగినా మెలకువ వచ్చేది.

ఇక ఎవరికి చెప్పుకోవాలి? మొగుడు మంచివాడే. పరుపులు బండి మీద ఇళ్లకు చేరవేస్తాడు, చీమకు కూడా దారి ఇచ్చి నడిచే రకం. కానీ చిన్న తలనొప్పికే ఇల్లు పీకి పందిరేస్తాడు, అతనికి చెప్తే వీధి వీధికీ తెలిసిపోతుంది. చివరికి ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తుండగా కూతురు పక్కన ఉంది. ఆ పిల్ల చదువు ముగించి ఒక కళ్లజోళ్ల కొట్టులో పనిచేస్తోంది. మాటల మధ్యలో చిన్నీ నోరు జారింది. జారాక ఆపుకోలేక అంతా చెప్పింది. చెప్పి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకు అంది.

కూతురు మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్లీ మడతపెట్టింది. ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయింది. మర్నాడు తల్లి ఏ బరువు ముట్టుకున్నా పరుగెత్తుకొచ్చి లాక్కుంది. నీళ్ల బిందె, దూది మూట, ఆఖరికి గిన్నెలు. వంటింట్లో ఉన్నా తల్లి వీపు మీద ఆ పిల్ల చూపు ఉండేది. తల్లి చెయ్యి ఎలా ఎత్తుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఏ వైపు ఒంగుతోంది అని చూస్తూ ఉండేది. ఆ చూపు చిన్నీకి తెలుసు. పన్నెండేళ్లప్పుడు తను అమ్మను అలాగే చూసేది. కొట్టులో కిటికీ పక్క జాగా ఖాళీగానే ఉంది, కానీ మంచం తన ఇంట్లో పడినట్టయింది. పడుకున్నది తను.

రెండో రోజు సాయంత్రం కూతురే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేను ఎవరికీ చెప్పనమ్మా, మాటిచ్చాను. కానీ ఆ మాట నా గొంతులో ఉంటే నాకు ముద్ద దిగట్లేదు. నువ్వు రేపు వెళ్తే చెప్పను. వెళ్లకపోతే నాన్నకు చెప్తాను, పెద్దమ్మను కూడా అడుగుతాను."

అరవలేదు, ఏడవలేదు. కళ్లజోళ్ల కొట్టులో గిరాకీలకు ధర చెప్పినట్టు చెప్పింది. కన్న పిల్లే అలా బేరం లేకుండా మాట్లాడేసరికి చిన్నీకి మొదట కోపం, ఆ వెంటనే సిగ్గు వేశాయి. ఆమెకు ఒక్కటి మాత్రం అర్థమైంది. తన భయాన్ని ఆ పిల్ల కంచంలో వడ్డించింది తనే. వెళ్తాను అంది.

పెద్దక్కకు చెప్పడానికి కొట్టులోకి వెళ్లింది. నీళ్లు నమిలింది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను అని మాత్రం అనగలిగింది. అక్క దబ్బనానికి పురికొస ఎక్కిస్తూ తల ఎత్తలేదు. నీ ఇష్టం అంది. చిన్నీ గుమ్మం దాకా వెళ్లాక, "ఒక్కదానివే వెళ్తావేమే, నేనూ వస్తాను" అంది. గొంతు ఎవరిదో లాగా వినబడింది.

ఆసుపత్రి హాలు జనంతో కిటకిటలాడుతోంది. ఇనప కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. ఒకరు కదిలితే వరసంతా ఊగుతోంది. కుర్చీ మెత్తకు పట్టిన రెక్సిన్ చిరిగి లోపలి నురుగు బయటపడింది. పెద్దక్క దాన్ని గోటితో గిల్లి చూసి, వీళ్లకు కూర్చోబెట్టడం కూడా రాదు, ఒళ్లు ఏం బాగుచేస్తారని సణిగింది. ఇంకో వేళైతే చిన్నీ నవ్వేదే. ఆమె తలుపు వంకే చూస్తోంది. లోపలికి వెళ్లినవాళ్లు ఏ మొహంతో బయటికొస్తున్నారో చూస్తోంది. అందరూ మామూలుగానే వస్తున్నారు. అది ఇంకా భయంగా ఉంది.

పిలుపు వచ్చింది. అక్క లేవలేదు. నేను ఇక్కడే ఉంటాను, నువ్వెళ్లు అంది. చిన్నీ ఒక్కతే వెళ్లింది.

లోపల డాక్టరమ్మ చిన్న వయసుది. చిన్నీ ఊహించిన కత్తులూ కటార్లూ ఆ గదిలో ఏమీ లేవు. ఒక బల్ల, ఒక తెర, గోడకు ఒక గడియారం. డాక్టరమ్మ అడిగినవన్నీ చిన్నీ చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా అని అడిగింది. మా అమ్మకు అంది చిన్నీ. ఏమైంది అమ్మకు అంటే, అక్కడ బాగోలేదు అంది. ఎక్కడ అని డాక్టరమ్మ రెట్టిస్తే మాట రాక చేత్తో చూపించింది. చల్లటి వేళ్లు ఎంతో ఓపిగ్గా వెతికాయి. ఆ వేళ్ల వాటం చూసి చిన్నీకి ఆశ్చర్యమేసింది, దూది చూసేటప్పుడు తను చేసినట్టే గుండ్రంగా, అంచు నుంచి నడుమకు. ఒకచోట నొక్కితే చిన్నీ అబ్బా అంది. తర్వాత ఫోటో తీసే గదికి పంపారు, అక్కడి నుంచి ఇంకో గదికి. మళ్లీ కూర్చోబెట్టారు. ఆ కూర్చున్న సేపట్లో ఆమె కూతురి పెళ్లి చేసింది, మొగుణ్ని అక్కకు అప్పగించింది, తన పరుపు ఎవరికివ్వాలో కూడా ఆలోచించింది.

మళ్లీ పిలిచి డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. గడ్డలేమీ లేవు. నొప్పి రొమ్ములోది కూడా కాదు, దాని కింద పక్కటెముక కండరానిది, ఏళ్ల తరబడి రెండు చేతులా లాగుతున్న పనిది. నూనె రాసి నొక్కడం వల్ల ఎక్కువైంది. ఆపేయమంది. నొప్పి ఒక్కటే ఉంటే చాలాసార్లు భయపడాల్సింది ఉండదు, అయినా చూపించుకుని తేల్చుకోవడమే మంచి పని అంది. తర్వాత నవ్వు ఆపింది. అమ్మకు వచ్చింది కాబట్టి ఏటా రావాలి. నొప్పి లేకుండా, గట్టిగా, కదలకుండా ఏదైనా తగిలితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. మీకు అక్కచెల్లెళ్లున్నారా అని అడిగింది. అక్క ఉందండీ, బయటే కూర్చుంది అంది చిన్నీ. పిలుచుకురండి, ఈ మాటలు ఆవిడకూ చెప్తాను అంది డాక్టరమ్మ.

చిన్నీ హాల్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కాళ్లు నేల మీద లేవు. ఇన్నాళ్లుగా మోసిన శవం ఎవరో భుజం మీంచి దించినట్టుంది. అక్క పక్కన కూలబడి, కుర్చీల వరసంతా ఊగిపోతుంటే, ఏమీ లేదటక్కా, ఏమీ లేదట అని నవ్వింది. నీ నూనె వైద్యం వల్లే ఎక్కువైందట అని అక్కను ఆటపట్టించింది. ఆ జోరులోనే అంది, నొప్పి ఉంటే అంత భయం లేదటక్కా, నొప్పి లేకుండా గడ్డ ఉంటేనే పరుగెత్తుకు రావాలట.

పెద్దక్క నవ్వలేదు. చెల్లెలికి ఏమీ లేదన్నప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాటకు ఆ నీళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎదురుగా గోడ దగ్గర బరువు చూసే యంత్రం ఉంది, దాని వంక చూస్తూ కూర్చుంది.

"నొప్పి లేకపోతేనా?" అంది.

"ఊఁ. గట్టిగా, కదలకుండా ఉంటే."

"నాకు నొప్పి లేదే" అంది పెద్దక్క. "ఒక్కరోజు కూడా లేదు."

చిన్నీకి ఆ మాట ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొహం మీద నవ్వు ఇంకా పోలేదు, అది పోవడానికి ఆమెకే తెలియనంత సేపు పట్టింది. గడ్డ కిందటి వానాకాలంలో తగిలిందట. రోజూ నూనె రాసి విప్పుతోందట. ఎంత విప్పినా విడివడట్లేదని అక్క చెప్పింది, దూది మంచిది రాలేదని చెప్పినట్టు. చెప్పి, చీర కొంగు దగ్గరికి లాక్కుంది. చెల్లెలి వంక చూడకుండానే మిగతాది కూడా చెప్పింది.

"అమ్మకూ నొప్పి లేదు చిన్నీ. మొదట్లో లేదు. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించింది. రేగిపండంత ఉంది. ఎవరికీ చెప్పకే, చెల్లి భయపడుతుంది, నొప్పి లేదుగా, అదే పోతుంది అంది. నాకు పద్దెనిమిదేళ్లు. చెప్పలేదు. ఏడాది పైన నోరు విప్పలేదు. నొప్పి వచ్చాకే వెళ్లింది." ఆగింది. "అమ్మను కత్తి చంపలేదు."

ముప్పయ్యేళ్లుగా ఆ ఇల్లు మోస్తున్న మాట అక్కడ, ఆ చిరిగిన కుర్చీల మధ్య ఊడిపోయింది. చిన్నీకి అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. అమ్మ బతికేదేమో అని అరవాలనిపించింది. అలా అరవడానికి నోరు తెరిచి అక్కను చూసింది. అక్క పద్దెనిమిదేళ్ల పిల్లలా, ఎవరో కొడతారన్నట్టు మెడ భుజాల్లోకి దించుకుని కూర్చుంది. ఇన్నేళ్లు కిటికీ పక్క జాగా ఖాళీగా ఉంచింది అమ్మ కోసం అనుకుంది చిన్నీ. అక్క రోజూ ఆ మంచం పక్కనే కూర్చుని ఉందని, ఒక్కరోజు కూడా లేవలేదని ఇప్పుడు తెలిసింది. కోపం ఎటో పోయింది. భయం మాత్రం తిరిగి వచ్చింది. ఈసారి తన కోసం కాదు కాబట్టి ఇంకా పెద్దగా వచ్చింది.

"ఎవరికీ చెప్పకే" అంది అక్క. "ఇంటికి వెళ్దాం. కాస్త ఆలోచించుకోనీ. వచ్చే వారం వద్దాం."

చిన్నీ లేచింది. ఇంటికే అనుకుని అక్క కూడా సంచీ అందుకుంది. చిన్నీ గుమ్మం వైపు వెళ్లలేదు. చీటీలు రాసే నర్సు బల్ల దగ్గరికి నేరుగా వెళ్లింది. ఆ నర్సు ఇవాళ్టికి చీటీలు అయిపోయాయి, రేపు రమ్మని ఎవరికో చెప్తోంది. బతుకంతా అక్క వెనకాల నిలబడి మాట్లాడిన మనిషి, వరసలో ఉన్నవాళ్లను తోసుకుని ముందుకు వెళ్లి, హాలంతా వినబడేలా చెప్పింది.

"మా అక్కకు రొమ్ములో గడ్డ ఉంది. నొప్పి లేదు. మా అమ్మ దాంతోనే పోయింది. డాక్టరమ్మ పిలుచుకురమ్మంది, ఇప్పుడే చూడాలి."

హాల్లో తలలు ఇటు తిరిగాయి. నర్సు కలం పట్టుకుని ఒక్క క్షణం ఆమెను చూసి, లోపలికి వెళ్లి వచ్చి, పంపించండి అంది. చిన్నీ వెనక్కి వచ్చేసరికి పెద్దక్క మొహం కందగడ్డలా ఉంది. అంతమంది మగవాళ్ల ముందు ఆ మాట అంటావా, నీకు సిగ్గు లేదుటే అంది. లేదక్కా అంది చిన్నీ. చెయ్యి చాపింది.

అక్క ఆ చెయ్యి పట్టుకోలేదు. తనంతట తనే లేచింది. కొట్టులో గిరాకీ ముందుకు వెళ్లినట్టు నిటారుగా, ఎవరి వంకా చూడకుండా తలుపు దాకా నడిచింది. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఆ వీధిలో మూడు తరాలకు మెడనొప్పులు నయం చేసిన మనిషి, వెనక్కి తిరిగి చిన్నపిల్లలా అడిగింది.

"నువ్వూ లోపలికి వస్తావా?"

"వస్తాను" అంది చిన్నీ.

అమ్మతో ఆరోజు లోపలికి ఎవరూ వెళ్లలేదు.